రైతు మోటారుకు మీటరు, ఆఫీసు కంప్యూటరుకు మినహాయింపు

రైతు పొలంలో ఐదు హార్స్‌పవర్ మోటారు ఎన్ని యూనిట్లు తాగిందో తేలాల్సిందేనని ఢిల్లీలో కూర్చున్నవాళ్ళు పట్టుబట్టారు. విద్యుత్ సంస్కరణలు చేసి చూపిన రాష్ట్రాలను జీఎస్‌డీపీలో అర శాతం దాకా అదనంగా అప్పు తెచ్చుకోనిస్తామని 2021లో ఎర వేశారు. శ్రీకాకుళం జిల్లాలో వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు బిగించి చూశారు. తెలంగాణలో అప్పటి ప్రభుత్వం బిగించేది లేదని మొండికేసింది. ఆ గొడవ మీద ఎన్నికల సభలు నడిచాయి, టీవీ స్టూడియోలు హోరెత్తాయి, రైతు కరెంటు దండగని తేల్చే మేధావులు సందుకొకరు పుట్టుకొచ్చారు. ఆ మేధావుల్లో చాలామంది పగలు పనిచేసేది మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో. సాయంత్రం వాళ్ళు వదిలేసి వచ్చిన కంప్యూటరు తెల్లారేదాకా ఎంత తాగుతుందో వాళ్ళకు తెలియదు. వాళ్ళ మేనేజరుకు తెలియదు. వాళ్ళ కంపెనీకి తెలియదు. తెలుసుకోవాలన్న కోరిక అసలు ఎవరికీ లేదు.

లెక్క నేను వేస్తాను, మీరు సరిచూడండి. పని లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్న ఆఫీసు డెస్క్‌టాప్, మానిటర్ ఆరిపోయాక కూడా, కరెంటు లాగుతూనే ఉంటుంది. కొత్తది తక్కువ లాగుతుంది, పాతది ఎక్కువ లాగుతుంది. నడిమధ్యన 40 వాట్లు అనుకుందాం. అలాంటివి వంద ఉంటే 4 కిలోవాట్లు. ఐదు హార్స్‌పవర్ అంటే 3.7 కిలోవాట్లు. వంద కుర్చీల ముందు వదిలేసిన వంద కంప్యూటర్లు, అటూ ఇటుగా, ఒక రైతు మోటారు. ఆ మోటారు నడిస్తే మడి తడుస్తుంది, నాలుగు గింజలు పండుతాయి. ఈ వంద నడిస్తే గది వేడెక్కుతుంది. ఇంకేమీ జరగదు.

ఏడాదికి 8,760 గంటలు. రోజుకు 10 గంటల చొప్పున 250 రోజులు పనిచేశామనుకున్నా 2,500 గంటలు. మిగిలిన 6,260 గంటలూ ఆ యంత్రం ఎవరి కోసం మేలుకొని ఉన్నట్టు? ఆ గంటల్లో ఒక్కో కంప్యూటరు మీద 250 యూనిట్లు పోతాయి. వెయ్యి కంప్యూటర్ల ఆఫీసులో రెండున్నర లక్షల యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 20 లక్షలు. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువును గాలిలో కలుపుతుంది. అంటే 175 టన్నులు. ఇంత పొగా ఖాళీ కుర్చీల ముందు!

తెలంగాణలో గృహజ్యోతి పథకం 2024 మార్చిలో మొదలైంది. నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 201 వస్తే మొత్తం బిల్లు కట్టాలి. ఎండాకాలంలో పసిబిడ్డకు ఉక్కపోస్తోందని ఓ రాత్రి కూలర్ అదనంగా తిప్పిన తల్లి ఆ ఒక్క యూనిట్‌కు జవాబు చెప్పుకోవాలి. పేదవాడి ఇంట్లో ఒక్క యూనిట్ తేడాను పట్టుకోగలిగిన రాజ్యం ఇది. అదే రాజ్యంలో వెయ్యి కంప్యూటర్ల ఆఫీసు, నూరు కుటుంబాలు ఏడాది పొడవునా పూర్తిగా వాడుకునే గృహజ్యోతి కోటాను, జనం లేని వేళల్లో తగలేస్తుంది. దాని దగ్గర ఆ కరెంటుకు ఒక వరుస లెక్క ఉండదు. అడిగేవాడు ఉండడు.

లెక్క పెట్టడమే తప్పని నేననను. రైతు మోటారుకూ లెక్క ఉండాలంటే ఉండనివ్వండి. బలహీనుడికి మాత్రమే లెక్క పెట్టడం తప్పు. బలిసినవాడి దగ్గరికి వచ్చేసరికి లెక్కలు మర్చిపోవడం నేరం.

"ప్రతి కంప్యూటరుకూ మీటరు పెట్టడం ఎలా కుదురుతుందండీ" అని అడిగే ఐటీ అధిపతులను నేను చాలామందిని చూశాను. వాళ్ళ మొహం మీదే చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను: అబద్ధం. మీకు కుదరనిదంటూ లేదు. ఉద్యోగి ఎన్నింటికి లాగిన్ అయ్యాడో మీకు సెకన్లతో సహా తెలుసు. ఏ పెన్‌డ్రైవ్ గుచ్చాడో తెలుసు. మౌస్ ఎంతసేపు కదలలేదో తెలుసు. అతని పేరు పక్కన పచ్చచుక్క పసుపుగా మారితే టీమ్ లీడ్‌కు తెలుస్తుంది. 2024లో అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు, కీబోర్డు నొక్కుతున్నట్టు నకిలీ కదలికలు సృష్టించారని కొందరు ఉద్యోగులను పీకేసింది. మనిషి కునుకు తీస్తే పట్టుకునే సాఫ్ట్‌వేర్ మీ చేతుల్లో ఉంది. యంత్రం కునుకు తీయడం లేదని చెప్పే సాఫ్ట్‌వేర్ మాత్రం దొరకలేదా?

దొరికింది. దొరికి మూలపడింది. కంప్యూటర్ల కరెంటు ఆదా అనేది నిన్న మొన్న పుట్టిన ముచ్చట కాదు. అమెరికా పర్యావరణ సంస్థ 1992లో ఎనర్జీ స్టార్ గుర్తు మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట ఆ గుర్తు వేసింది కంప్యూటర్లకూ మానిటర్లకే. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 డిసెంబరులో విడుదల చేసిన ఏసీపీఐ ప్రమాణంలోనే నిద్ర స్థాయిలన్నీ రాసి ఉన్నాయి. నిద్రలో ఉన్న కంప్యూటరును నెట్‌వర్క్ మీదుగా తట్టి లేపే వేక్ ఆన్ ల్యాన్ కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో 2010 నుంచీ పవర్ మేనేజ్‌మెంట్ ఉంది. పని వేళలకు ఒక పథకం, మిగతా వేళలకు ఇంకో పథకం పెట్టుకోవచ్చు. ఏ కంప్యూటరు ఎన్ని గంటలు మేలుకుందో, ఏది నిద్రపోవడం లేదో, ఏ ప్రోగ్రామ్ దాన్ని నిద్రపోనివ్వడం లేదో కూడా అది నివేదిక ఇస్తుంది. మీ కంపెనీ దాని లైసెన్సుకు ఏటా డబ్బు కడుతూ ఉండొచ్చు. ఆ నివేదిక ఒక్కసారైనా తెరిచి చూశారా? మీ ఐటీ విభాగంలో ఎవరినైనా అడగండి. నేల చూపులు చూస్తారు.

లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు పనివేళలు దాటాక అమెరికా ఆఫీసుల్లో తిరిగి కంప్యూటర్లను లెక్కపెట్టారు. 2004లో నివేదిక వేశారు. ఆపేసి ఉన్న డెస్క్‌టాప్‌లు మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. నిద్రలో ఉన్నవి బహు స్వల్పం. మిగతావన్నీ మేలుకునే ఉన్నాయి. అంటే జబ్బు ఏమిటో ఇరవై ఏళ్ళ కిందటే తెలిసింది, మందు అంతకంటే ముందే తయారైంది. మింగించేవాడే కరువయ్యాడు.

ఎందుకంటే ఆ మందు మింగితే ఎవడికీ ప్రమోషన్ రాదు. కరెంటు బిల్లు కట్టేది ఫెసిలిటీస్ విభాగం. కంప్యూటర్లు నడిపేది ఐటీ విభాగం. నివేదిక రాసేది సస్టెయినబిలిటీ విభాగం. ఐటీవాడికి ఒక కంప్యూటరు పొద్దున లేవకపోతే తిట్లు పడతాయి. వెయ్యి కంప్యూటర్లు రాత్రంతా మేలుకుంటే పల్లెత్తు మాట పడదు. అతను ఏం చేస్తాడు? నిద్ర సెట్టింగును గ్రూప్ పాలసీతో మొత్తానికి తీసేసి గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటాడు. ఉద్యోగి మార్చుకుందామనుకున్నా ఆ సెట్టింగు బూడిదరంగులో బిగుసుకుపోయి ఉంటుంది. పైగా "ప్యాచ్‌లు పడాలి, ఎవరూ షట్‌డౌన్ చేయకండి" అని మెయిల్ వస్తుంది. ఆ మెయిల్ వచ్చిన ఆఫీసులోనే లిఫ్టు పక్కన ఆకుపచ్చ పోస్టరు ఉంటుంది: విద్యుత్తును పొదుపు చేయండి, భూమిని కాపాడండి. షట్‌డౌన్ చేయొద్దని ఆజ్ఞాపించిన నోటితోనే పొదుపు చేయమని ఉపన్యాసం! తాళం తమ జేబులో పెట్టుకుని తలుపు తీయలేదని ఉద్యోగిని నిందిస్తారు.

రాత్రి గస్తీ తిరిగే సెక్యూరిటీ గార్డు డ్యూటీ కాగితంలో లైట్లు ఆపడం ఉంటుంది. ఫ్లోర్ మీద ఒక ట్యూబ్‌లైటు వెలుగుతుంటే మర్నాడు సూపర్‌వైజర్ నిలదీస్తాడు. పక్కనే నాలుగు వందల కంప్యూటర్లు ఆన్‌లో ఉంటాయి, వాటి మీద చెయ్యి పడితే ఉద్యోగం పోతుంది. కాంట్రాక్టు గార్డు ఒక ట్యూబ్‌లైటుకు బాధ్యుడు. లక్షల జీతం తీసుకునే వైస్ ప్రెసిడెంటు నాలుగు వందల కంప్యూటర్లకు బాధ్యుడు కాడు. మన కంపెనీల్లో బాధ్యత ఎటు పారుతుందో ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

ఇక నివేదికల సంగతి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

సెబీ 2021 మేలో బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదికను తెచ్చింది. మార్కెట్ విలువలో ముందున్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి అది తప్పనిసరి. అందులో ఆరో సూత్రం పర్యావరణం. కంపెనీ మొత్తం మీద ఎంత కరెంటు వాడింది, ఎంత ఇంధనం వాడింది, టర్నోవరులో రూపాయికి ఎంత శక్తి ఖర్చయింది అని రాయాలి. మంచి పనే. కానీ కరెంటు మొత్తం ఒకే ముద్ద. లిఫ్టులు, ఏసీలు, క్యాంటీన్, సర్వర్ రూము, కంప్యూటర్లు, అన్నీ అందులోనే. ఉక్కు కంపెనీకి అది సరిపోతుందేమో. కంప్యూటర్ల మీదే బతికే కంపెనీ కూడా కంప్యూటర్ల వాడకాన్ని విడిగా చెప్పకుండా తప్పించుకోవడం, బియ్యం మిల్లు తన లెక్కల్లో బియ్యం రాయకపోవడం లాంటిది.

ఆ "టర్నోవరులో రూపాయికి" అన్న కొలమానంలో ఇంకా పెద్ద మోసం దాగి ఉంది. ఐటీ కంపెనీకి రాబడి డాలర్లలో వస్తుంది. డాలరు విలువ పెరిగితే అదే పనికి రూపాయల్లో టర్నోవరు పెరుగుతుంది. అప్పుడు రూపాయికి ఖర్చయిన శక్తి దానంతటదే తగ్గినట్టు కనిపిస్తుంది. ఒక్క కంప్యూటరు ఆపలేదు. ఒక్క సర్వరు తీసేయలేదు. రూపాయి పతనమైంది, కంపెనీ పచ్చబడింది. మొత్తం వాడకం పెరిగినా, టర్నోవరు అంతకంటే ఎక్కువ పెరిగితే చాలు, శక్తి తీవ్రత తగ్గిందని గ్రాఫు కిందికి దిగుతుంది. ఆ గ్రాఫు పక్కన మొక్క నాటుతున్న సీఈఓ ఫోటో వేస్తారు. వాతావరణానికి టర్నోవరుతో పని లేదు. దానికి తెలిసింది టన్నులే.

నేను పనిచేసిన ఒక కంపెనీలో ఈ అంకెలు ఎలా పుడతాయో దగ్గరగా చూశాను. మా అంతస్తులు ఒక పెద్ద టవరులో అద్దెవి. బిల్డింగు యజమాని మొత్తం బిల్లును అద్దెదారుల మధ్య చదరపు అడుగుల లెక్కన పంచేవాడు. ఆ వాటానే నివేదికలో మా విద్యుత్ వినియోగమని రాసేవారు. మేం కంప్యూటర్లన్నీ ఆపేసినా ఆ అంకె పెద్దగా కదలదు. రెట్టింపు కంప్యూటర్లు పెట్టినా కదలదు. గోడ జరిపితేనే కదులుతుంది. ఇది కొలత కాదు, అద్దె రసీదు అని నేనంటే, ఆడిటర్లు ఒప్పుకున్నారు కదా, నీకేం నొప్పి అన్నారు. సబ్‌మీటర్లు పెట్టమంటే బడ్జెట్ లేదన్నారు. ఆ ఏడాదే నివేదికను మెరిసే కాగితం మీద అచ్చువేసి పంచారు. ఆ కాగితానికి బడ్జెట్ ఉంది.

పైగా బీఆర్‌ఎస్‌ఆర్ లిస్టెడ్ కంపెనీలకే. హైదరాబాద్‌లో ఐటీ కారిడార్ పొడవునా పరుచుకున్న గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లలో చాలావరకు విదేశీ కంపెనీల ప్రైవేటు లిమిటెడ్ అనుబంధ సంస్థలు. మన స్టాక్ ఎక్స్‌ఛేంజీలో వాటి షేరు ఉండదు, కాబట్టి సెబీ నివేదిక వాటిని తాకదు. విశ్వవిద్యాలయాలను తాకదు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో లిస్టు కానివాటిని తాకదు. సచివాలయాన్నీ కలెక్టరేట్లనూ అంతకన్నా తాకదు. భవనాల ఇంధన పొదుపు నియమావళి ఈసీబీసీని రెండు తెలుగు రాష్ట్రాలూ తెచ్చుకున్నాయి. అది గోడలు, అద్దాలు, లైట్లు, ఏసీల దగ్గర ఆగిపోతుంది. ప్లగ్గుకు తగిలించిన కంప్యూటరు జోలికి రాదు. ఐటీ పరిశ్రమకు మాత్రం ప్రభుత్వాలు ఐటీ విధానాల పేరుతో వాణిజ్య రేటు తప్పించి పరిశ్రమల రేటుకు కరెంటు ఇస్తున్నాయి. చౌక కరెంటు తీసుకునే చెయ్యి లెక్క చెప్పడానికి ఎందుకు వణుకుతుంది? నా డిమాండు సూటిగా ఉంది. ఆ రాయితీ కావాలంటే కంప్యూటర్ల వాడకం ఏటా ప్రకటించాలి. ప్రకటించని కంపెనీ వాణిజ్య రేటు కట్టాలి.

ఇప్పుడు వాళ్ళ సాకులు ఒక్కొక్కటీ విందాం. అన్నీ నాకు కంఠతా వచ్చు.

"ఏసీల ముందు కంప్యూటర్లు ఎంతండీ?" కంప్యూటరు తాగిన ప్రతి వాటూ వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి తోయడానికే మీ ఏసీ తిరుగుతోంది. మూడు వాట్ల వేడిని తోయాలంటే అదనంగా ఇంచుమించు ఒక వాట్ కావాలి. కంప్యూటరు ఆపితే రెండు చోట్ల తగ్గుతుంది. ఇది ఇంజనీరింగ్ చదివినవాడు అడగాల్సిన ప్రశ్న కాదు.

"అప్‌డేట్లు రాత్రే పడాలి." పడనివ్వండి. వేక్ ఆన్ ల్యాన్‌తో రెండింటికి లేపండి, ప్యాచ్ వేయండి, మళ్ళీ పడుకోబెట్టండి. అరగంట పని కోసం పద్నాలుగు గంటలు మేలుకోబెట్టడం చేతగానితనం. చేతకాకపోతే చేతనైనవాడికి కుర్చీ ఇవ్వండి.

"ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఆఫీసు కంప్యూటరులోకి లాగిన్ అవుతారు." 2020 లాక్‌డౌన్ నాటి నుంచి ఇదో కొత్త పాట. లాగిన్ అయ్యేవాడే తన కంప్యూటరును తట్టి లేపుకునే ఏర్పాటు చేయొచ్చు. పది మంది కోసం వెయ్యి వెలిగించి ఉంచడానికి ఆ పది మందిని అడ్డం పెట్టుకోకండి.

"ఇప్పుడన్నీ ల్యాప్‌టాప్‌లే." నిజమే, ల్యాప్‌టాప్ తక్కువ తాగుతుంది. కానీ డాక్, రెండు మానిటర్లు, వాటి వెనక స్విచ్చులు, ల్యాబ్‌లోని వర్క్‌స్టేషన్లు అలాగే ఉన్నాయి. ల్యాప్‌టాప్ నుంచి దిగిన బరువు సర్వరు నెత్తిన పడింది. అక్కడికే వస్తున్నాను.

"మేం వంద శాతం పచ్చ కరెంటు కొంటున్నాం." ఇది అన్నిటికంటే నీచమైన సాకు, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. ఏడాదంతా వాడిన యూనిట్లకు సరిపడా ఏడాది చివర్లో సర్టిఫికెట్లు కొంటారు. మధ్యాహ్నం రాజస్థాన్ ఎడారిలో పుట్టిన సౌర కరెంటు పేరు మీద, హైదరాబాద్‌లో అర్ధరాత్రి రెండింటికి తగలేసిన యూనిట్‌ను పచ్చదని రాసుకుంటారు. అర్ధరాత్రి సూర్యుడు ఉండడు. రామగుండం ఉంటుంది, కొత్తగూడెం ఉంటుంది, భూపాలపల్లి ఉంటుంది. ఆ బాయిలర్లలో మండే బొగ్గు సింగరేణిది. ఓపెన్‌కాస్ట్ పేలుళ్ళకు గోడలు బీటలు వారిన ఊళ్ళకు వెళ్ళి మా కరెంటు పచ్చదని చెప్పగల దమ్ము మీ సస్టెయినబిలిటీ అధిపతికి ఉందా? ఏడాది లెక్కతో సరిపెట్టుకోవడం చాలదని గూగుల్ అంతటి సంస్థే 2020లో ఒప్పుకుంది. 2030 నాటికి ప్రతి గంటకూ కర్బన రహిత కరెంటుతోనే నడుస్తామని లక్ష్యం పెట్టుకుంది. చేరుతుందో లేదో అది వేరే విచారణ. గంటగంటకూ లెక్క ఉండాలన్న సూత్రాన్ని మాత్రం ఇక ఎవరూ కాదనలేరు.

సర్వర్ల దగ్గరికి వద్దాం. గూగుల్ ఇంజనీర్లు లూయిజ్ బరోసో, ఉర్స్ హోల్జ్‌ల్ 2007లో రాసిన పత్రం ఈ రంగంలో అందరికీ తెలుసు. సర్వర్లు ఎక్కువ సమయం తమ సామర్థ్యంలో 10 నుంచి 50 శాతం మధ్యనే పనిచేస్తాయని, దాదాపు ఏ పనీ చేయనప్పుడు కూడా గరిష్ఠ విద్యుత్తులో సగం తాగుతాయని వాళ్ళు చూపించారు. 2015లో పరిశోధకులు జొనాథన్ కూమీ, జాన్ టేలర్ సుమారు 4,000 సర్వర్లను పరిశీలించారు. వాటిలో 30 శాతం ఆరు నెలలకు పైగా ఏ ఉపయోగకరమైన పనీ చేయలేదు. ప్రాజెక్టు ముగిసింది, మేనేజరు వెళ్ళిపోయాడు, సర్వరు మాత్రం నడుస్తూనే ఉంది. దాన్ని ఆపడానికి ఎవరికీ ధైర్యం లేదు, ఎందుకంటే అది ఎవరిదో ఎవరికీ తెలియదు. తమ ఆస్తి ఏదో తమకే తెలియనివాళ్ళు ప్రపంచ కంపెనీలకు డిజిటల్ పరివర్తన నేర్పుతామని బోర్డు కడతారు.

డేటా సెంటర్లవాళ్ళు గొప్పగా చూపించే కొలమానం పీయూఈ. గ్రీన్ గ్రిడ్ అనే సంస్థ 2007లో ప్రచారంలోకి తెచ్చింది. మొత్తం భవనం లాగిన కరెంటును కంప్యూటర్లు లాగిన కరెంటుతో భాగిస్తే వచ్చేది. ఒకటికి ఎంత దగ్గరైతే అంత మేలు. భవనం 150 కిలోవాట్లు, సర్వర్లు 100 కిలోవాట్లు అయితే పీయూఈ 1.5. ఇప్పుడు ఒక నిజాయితీపరుడైన ఇంజనీరు పనికిరాని సర్వర్లను పట్టుకుని ఆపేశాడు. సర్వర్ల వాడకం 70కి దిగింది. చల్లదనం, మిగతా ఖర్చులు 50 నుంచి 42కి తగ్గాయనుకుందాం. మొత్తం 112. అతను 38 కిలోవాట్లు ఆదా చేశాడు. పీయూఈ ఎంత? 112ను 70తో భాగిస్తే 1.6. మార్కు చెడింది! నాలుగో వంతు కరెంటు మిగిల్చినవాడు ఈ పరీక్షలో తప్పుతాడు, చచ్చిన సర్వర్లను నడిపించేవాడు నెగ్గుతాడు. ఈ ఒక్క అంకెను చూపించి అవార్డులు పుచ్చుకునే డేటా సెంటర్లను నమ్మకండి. లోపలి సర్వర్లు చేసిన పని ఎంత, ఖాళీగా తిన్నది ఎంత అని అడగండి.

ఈ ప్రశ్న అడగాల్సిన సమయం ఇదే. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో గిగావాట్ స్థాయి కేంద్రం కడతామని ప్రకటించింది. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. రెండున్నర లక్షలకు పైగా ఐదు హార్స్‌పవర్ మోటార్లు ఒకేసారి తిరిగినంత. ఉద్యోగాలు వస్తాయంటూ డప్పు కొట్టేవాళ్ళు కొట్టనివ్వండి. ఆ డప్పు మోతలో లెక్క అడిగే గొంతు మునిగిపోకూడదు. ఐరోపా సమాఖ్య 500 కిలోవాట్లు దాటిన ప్రతి డేటా సెంటరు ఏటా తన విద్యుత్తు, నీరు, వాడి పారేసే వేడి వివరాలు చెప్పాల్సిందేనని చట్టం చేసి, 2024లో లెక్కలు తీసుకోవడం మొదలుపెట్టింది. అక్కడ 500 కిలోవాట్లకే లెక్క చెప్పే కంపెనీలు మన తీరంలో వెయ్యి మెగావాట్లకు ఎందుకు చెప్పకూడదు? అమరావతిలో, హైదరాబాద్‌లో కూర్చున్న ఐటీ మంత్రులు పెట్టుబడి అంకెలు ఎంత గట్టిగా చదువుతారో, యూనిట్ల అంకెలు కూడా అంతే గట్టిగా చదవాలి.

ఇప్పుడు మీతో మాట్లాడాలి. మీరు ఈ పత్రిక చదువుతున్నారంటే బహుశా మీ ముందు కూడా ఒక ఆఫీసు కంప్యూటరు ఉంటుంది. ఇదంతా యాజమాన్యాల తప్పని తలూపి పేజీ తిప్పేస్తారా? మీ నెల జీతంలో ఒక్క రూపాయి తేడా వస్తే హెచ్‌ఆర్‌కు ఎన్ని మెయిళ్ళు కొడతారు? మీ ఇంటి బిల్లు వంద రూపాయలు ఎక్కువొస్తే లైన్‌మన్‌ను నిలబెట్టి కడిగేస్తారు. మీ పేరు మీద మీ ఆఫీసు ఏడాదికి 250 యూనిట్లు తగలేస్తుంటే నోరెత్తరెందుకు? ఉద్యోగం పోతుందనా? కరెంటు లెక్క అడిగినందుకు ఉద్యోగం తీసేసే కంపెనీ అయితే, ఆ కంపెనీ పేరు బజారున పడాల్సిందే.

ఏం అడగాలో తెలియదనకండి. నేను చెబుతున్నాను. ప్రతి కంప్యూటరులో యాంటీవైరస్సో, నిర్వహణ సాఫ్ట్‌వేరో ఇప్పటికే ఉంది. అది ఏ యంత్రం ఎప్పుడు మేలుకుందో, ఎప్పుడు పడుకుందో చెప్పగలదు. ఒక్కో మోడల్ ఖాళీగా ఉన్నప్పుడు, పనిలో ఉన్నప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు ఎన్ని వాట్లు లాగుతుందో ప్లగ్ మీటరుతో ఒకసారి కొలిస్తే చాలు. ఆ రెండింటినీ గుణించడం ఏడో తరగతి లెక్క. సర్వర్లు తమ వాడకాన్ని తామే చెప్పుకుంటాయి, ర్యాకుకు కరెంటు పంచే పీడీయూలూ చెబుతాయి. ఇలా తీసిన లెక్క పది శాతం అటూ ఇటూ తప్పవచ్చు. తప్పనివ్వండి, పద్ధతి ఏదో కింద రాయండి. చదరపు అడుగుల లెక్కన పంచిన కాకిలెక్క కంటే అది వెయ్యి రెట్లు నిజం. నెలనెలా విభాగాల వారీగా ఆ అంకెను అందరికీ కనిపించేలా పెట్టండి. పని వేళల్లో ఎంత, వేళలు దాటాక ఎంత అని విడగొట్టండి. ఆ రెండో అంకె ఎదురుగా ఆ విభాగం అధిపతి పేరు రాయండి. మూడు నెలల్లో అది ఎలా కూలుతుందో చూడండి. సిగ్గు కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు.

ప్రభుత్వ ఉద్యోగులారా, మీరు తప్పించుకోలేరు. కలెక్టరేట్లలో, విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో, ప్రభుత్వ బ్యాంకుల్లో కంప్యూటర్లు ఎవరి డబ్బుతో వెలుగుతున్నాయో మీకు గుర్తుచేయాల్సిన పని లేదు. రైతు దగ్గరికి మీటరు పట్టుకెళ్ళే ముందు మీ టేబుల్ కింద ఉన్న సీపీయూకు లెక్క రాయండి. లేకపోతే రైతు ముందు మాట్లాడే హక్కు మీకు లేదు.

కంపెనీల అధిపతులకు నా మాట ఒక్కటే. కంప్యూటర్ల వాడకం విడిగా చెప్పని నివేదిక నివేదిక కాదు. దాని మీద మీ సంతకం ఉంటే ఆ దాచివేతలో మీకు భాగం ఉన్నట్టే. నన్ను అభివృద్ధి వ్యతిరేకి అనండి, పాతకాలం మనిషి అనండి, కేసు పెట్టుకోండి. నేను అడుగుతూనే ఉంటాను.

షేరు ఉన్న ప్రతి పాఠకుడికీ వార్షిక సర్వసభ్య సమావేశంలో ప్రశ్న అడిగే హక్కు ఉంది. ఈసారి డివిడెండ్ గురించి అడిగే ముందు ఇది అడగండి: మన కంపెనీ కంప్యూటర్లు నిరుడు పని వేళలు దాటాక ఎన్ని యూనిట్లు తాగాయి? అంకె చెప్పేదాకా మైకు వదలకండి.